పులిపిరి రాలడం వేరు, తిరిగి రాకపోవడం వేరు: జననాంగ పులిపిర్ల చికిత్సల్లో ఏది ఎంత పనిచేస్తుంది?

క్లుప్తంగా: జననాంగాల మీద వచ్చే పులిపిర్లకు ఇప్పుడున్న చికిత్సలన్నీ కనిపించే పులిపిరిని తొలగించేవే. చర్మంలో దాగిన వైరస్‌ను పూర్తిగా తుడిచిపెట్టే మందు ఇంకా రాలేదు. కాల్చడం, కోయడం వంటి పద్ధతులు వెంటనే ఫలితం చూపిస్తాయి. ఇమిక్విమోడ్ లాంటి క్రీములు నెమ్మదిగా పనిచేస్తాయి, అందరికీ పనిచేయవు. అవి పనిచేసినవారిలో మాత్రం పులిపిర్లు తిరిగి రావడం కొంత తక్కువ. పులిపిర్లు శరీరంలో ఎక్కడున్నాయి, ఎన్నున్నాయి, మనిషి గర్భిణా, చికిత్సను చివరిదాకా కొనసాగించగలరా అన్నవే ఎంపికను నిర్ణయిస్తాయి.

విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేట వీధుల్లోనో, గుంటూరు కొత్తపేటలోనో చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి ఈ సమస్యతో వచ్చేవారిలో చాలామంది అప్పటికే రెండు మూడు దారులు ప్రయత్నించి ఉంటారు. ఒకచోట కరెంటుతో కాల్చారు, రెండు నెలలకు ఆ పక్కనే మళ్లీ లేచాయి. ఇంకోచోట క్రీము రాసిచ్చారు, పదిహేను రోజులైనా మార్పు కనిపించలేదని ఆపేశారు. తెలిసినవాళ్లెవరికో ఇంజెక్షన్‌తో పోయాయట. ఫోన్లో వెతికితే ఒకే చికిత్సకు ఒకరు నూటికి తొంభై మందికి నయమవుతుందంటారు, మరొకరు నూటికి నలభై అంటారు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పకపోయి ఉండవచ్చు. వేర్వేరు కొలతలతో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి చూడడం వల్లే ఈ అయోమయం చాలావరకు పుడుతోంది.

## చర్మం లోపల ఏం జరుగుతుంది

ఈ పులిపిర్లకు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. జననాంగ పులిపిర్లలో సుమారు 90 శాతానికి 6, 11 నంబర్ల రకాలే కారణం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 70 శాతం దాకా తెచ్చిపెట్టే 16, 18 రకాలు వేరు. పులిపిరి ముదిరితే క్యాన్సర్ అవుతుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర లేకుండా గడిపేవారికి ఈ తేడా తెలియడం చాలా అవసరం. 6, 11 రకాలతో ఆ ముప్పు చాలా తక్కువ. అయితే ఒకే మనిషికి ఒకటికి మించిన రకాలు సోకవచ్చు కాబట్టి, మహిళలు తమ వయసుకు తగిన ముఖద్వార పరీక్షలు ఎప్పటిలాగే చేయించుకోవాలి. పులిపిర్లు వచ్చాయన్న కారణంతో వాటిని మరింత తరచుగా చేయించాల్సిన పని లేదు.

కంటికి కనిపించనంత చిన్న గాట్ల ద్వారా వైరస్ చర్మంలోని అడుగు పొరకు చేరుతుంది. అక్కడి కణాలు పుట్టి, పైపైకి జరిగి, చివరకు రాలిపోవడం చర్మానికి సహజం. ఆ ప్రయాణంతో పాటే వైరస్ తన సంఖ్యను పెంచుకుంటుంది. ఇది రక్తంలోకి వెళ్లదు, కణాలను పగలగొట్టి వాపు తెప్పించదు. అందుకే మన రోగనిరోధక వ్యవస్థ దీన్ని గుర్తుపట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. సోకిన తర్వాత పులిపిరి బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పట్టవచ్చు, కొందరిలో ఏడాది కూడా దాటుతుంది.

కాల్చినచోట నున్నగా మానినా పక్కనే మరొకటి ఎందుకు లేస్తుందో 1985లో వచ్చిన ఒక చిన్న అధ్యయనం చూపించింది. కెనడాకు చెందిన అలెక్స్ ఫెరెంజీ బృందం లేజర్‌తో పులిపిర్లు తీయించుకున్న 20 మంది నుంచి, ఆ పులిపిర్ల చుట్టూ 15 మిల్లీమీటర్ల లోపు ఉన్న మామూలు చర్మాన్ని కూడా తీసి పరీక్షించింది. ఆ చర్మం కంటికీ, సూక్ష్మదర్శినికీ ఏ తేడా లేకుండా కనిపించింది. అయినా 9 మందిలో అందులో వైరస్ డీఎన్ఏ దొరికింది. ఆ 9 మందిలో ఆరుగురికి పులిపిర్లు తిరిగి వచ్చాయి. డీఎన్ఏ దొరకని 11 మందిలో ఒక్కరికే వచ్చాయి. తుంగను పైపైన కోస్తే నేలలో గడ్డ మిగిలినట్టే, ఇక్కడా పైకి బాగున్న చర్మంలో వైరస్ మిగిలి ఉంటుంది. ఇరవై మందితో చేసిన పని కాబట్టి దాని శాతాలను అందరికీ వర్తింపజేయలేం కానీ, అది బయటపెట్టిన కారణం మాత్రం అన్ని చికిత్సలకూ వర్తిస్తుంది. డాక్టర్ సరిగా కాల్చలేదు కాబట్టే తిరిగి వచ్చిందని అనుకోవడం చాలాసార్లు తప్పు.

## ముందు అది పులిపిరేనా?

చికిత్సల పోలిక కంటే ముందు తేలాల్సిన విషయం ఇది. పురుషాంగం అంచు చుట్టూ వరసగా, ఒకే సైజులో ఉండే ముత్యాల్లాంటి చిన్న బొడిపెలు చాలామందికి సహజంగానే ఉంటాయి. అవి వ్యాధి కాదు, ఎవరికీ అంటవు. స్త్రీలలో యోని ముఖద్వారం దగ్గర అలాగే సన్నని బొడిపెలు ఉండవచ్చు. పసుపు ఛాయలో కనిపించే చిన్న నూనె గ్రంథులూ అంతే. వీటిని పులిపిర్లనుకుని కాల్పించుకుంటే మిగిలేది మచ్చే. మధ్యలో చిన్న గుంట ఉండే మొలస్కం బొడిపెలది ఇంకో వైరస్.

వీటన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది సిఫిలిస్. ఈ వ్యాధి రెండో దశలో మర్మావయవాల దగ్గర, మలద్వారం చుట్టూ తడిగా, చదునుగా ఉండే గడ్డలు లేస్తాయి. చూపుకు పులిపిర్లలాగే ఉంటాయి. వాటికి కావాల్సింది పెన్సిలిన్ ఇంజెక్షన్. పులిపిర్ల క్రీము ఎన్ని నెలలు రాసినా వ్యాధి లోపల ముదురుతూనే ఉంటుంది. వీడీఆర్‌ఎల్ లాంటి చిన్న రక్తపరీక్షతో ఈ అనుమానం తీరుతుంది. జననాంగ పులిపిర్లతో వచ్చినవారికి సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు రాయడం అందుకే. ఇందులో అవమానించే ఉద్దేశమేదీ లేదు. వెనిగర్ పూసి తెల్లబడితే పులిపిరేనని తేల్చే ఇంటి పరీక్షను నమ్మలేం, మామూలు ఒరిపిడి గాయాలు కూడా వెనిగర్‌కు తెల్లబడతాయి. నల్లగా మారినవి, పుండుపడినవి, రక్తం కారేవి, చికిత్సకు లొంగనివి అయితే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాలి.

## పోలికకు రెండు అంకెలు కావాలి

ఒక చికిత్స ఎంత పనిచేస్తుందో చెప్పడానికి వైద్య పరిశోధనలు రెండు విషయాలు చూస్తాయి. చికిత్స ముగిసేసరికి పులిపిర్లు పూర్తిగా పోయినవారు ఎందరు? అలా పోయినవారిలో మూడు లేదా ఆరు నెలల్లోపు మళ్లీ వచ్చినవారు ఎందరు? మొదటి అంకె ఒక్కటే చూస్తే కాల్చడానికీ, కోయడానికీ సాటిలేదనిపిస్తుంది. కోసి తీసేస్తే ఆ రోజుకు పులిపిరి ఉండదు కదా. నెలల తరబడి రాసే క్రీముతో దాన్ని ఆ అంకె మీదే పోల్చడం న్యాయం కాదు.

లెక్కలు మారడానికి ఇంకా కారణాలున్నాయి. మధ్యలో మానేసినవారిని కొన్ని పరిశోధనలు విఫలమైనవారిగా లెక్కిస్తాయి, కొన్ని లెక్కలోంచే తీసేస్తాయి. ఒకదాంట్లో అంతా కొత్తగా పులిపిర్లు వచ్చినవారుంటారు, మరోదాంట్లో ఏళ్లుగా తగ్గనివారుంటారు. ఉత్తుత్తి క్రీము ఇచ్చిన బృందాల్లో కూడా కొందరికి పులిపిర్లు వాటంతటవే పోతాయి. ఈ చివరి విషయం గుర్తుంటే 'ఫలానా ఆకు పసరుతో పోయింది' అన్న మాటను ఎలా తీసుకోవాలో తెలుస్తుంది. ఏమీ చేయకపోయినా పోయే పులిపిర్లు ఉన్నప్పుడు, ఒకరిద్దరి అనుభవంతో మందు బలం తేలదు.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, సిఫార్సు చేసిన చికిత్సల్లో ఏదో ఒకటి మిగతావాటికంటే మెరుగని తేల్చే గట్టి ఆధారం లేదని స్పష్టంగా ఉంది. అన్నీ సమానమని దీని అర్థం కాదు. ఎవరికి ఏది అన్న ప్రశ్న లేకుండా ఒక్క విజేతను ప్రకటించలేమని అర్థం.

## డాక్టర్ చేతి మీద జరిగేవి

కాటరీ అంటే కరెంటు వేడితో కాల్చడం. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక నొప్పి తెలియదు. చాలా పరిశోధనల్లో 94 నుంచి 100 శాతం దాకా పులిపిర్లు ఆ విడతకే పోయాయి. తిరిగి రావడం ఐదుగురిలో ఒకరికి అటూ ఇటూగా కనిపించింది. కత్తెరతోనో, బ్లేడుతోనో పైపైన కోసి తీయడం కూడా ఇంచుమించు ఇంతే: తొలగింపు 89 నుంచి 100 శాతం, తిరిగి రావడం 19 నుంచి 29 శాతం. పెద్దవీ, గుంపులుగా ఉన్నవీ, కాడలా వేలాడేవీ అయితే వీటిని మించిన దారి లేదు. వారాల తరబడి క్రీము రాసి విసిగిపోవడం కంటే ఒక్క పూటలో పని ముగుస్తుంది. లోతుగా కాల్చితే మాత్రం మచ్చ పడుతుంది, రంగు పోతుంది. మన చామనఛాయ చర్మం మీద తెల్ల మచ్చ బాగా కనిపిస్తుంది, ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు.

లేజర్ అనగానే అది అన్నిటికంటే పైమెట్టు అనుకోవడం వాడుకైంది. కార్బన్ డయాక్సైడ్ లేజర్ ఫలితాలు పరిశోధన నుంచి పరిశోధనకు విపరీతంగా మారాయి. తిరిగి రావడం సగానికి మించిన అధ్యయనాలూ ఉన్నాయి. మొండికేసినవారినే ఎక్కువగా లేజర్‌కు పంపడం దీనికి ఒక కారణం కావచ్చు. మూత్రద్వారం, మలద్వారం లోపలి అంచుల్లాంటి ఇరుకు చోట్ల, విస్తారంగా పాకినప్పుడు లేజర్‌తో మేలుంటుంది. రెండు చిన్న పులిపిర్లకు అంత ఖర్చు పెట్టాలా అని డాక్టర్‌ను అడగడంలో తప్పు లేదు. అన్నట్టు, రేడియో ఫ్రీక్వెన్సీ మెషీన్‌నీ, కాటరీనీ కూడా జనం లేజరనే అంటుంటారు. ఏది చేస్తున్నారో ముందే కనుక్కోవడం మంచిది. లేజర్, కాటరీల నుంచి లేచే పొగలో వైరస్ డీఎన్ఏ ఉంటుంది కాబట్టి పొగను పీల్చే యంత్రం, సరైన మాస్కు ఆ గదిలో ఉండాలి. ఇది ముఖ్యంగా డాక్టర్ల, నర్సుల ఆరోగ్యానికి సంబంధించిన జాగ్రత్త.

క్రయోథెరపీలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో పులిపిరిని గడ్డకట్టిస్తారు. కణాల లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి కణం చస్తుంది. ఒకటి రెండు వారాలకోసారి, కొన్ని విడతలు కావాలి. 44 నుంచి 75 శాతం మందికి పూర్తిగా పోయినట్టు, వారిలో 21 నుంచి 42 శాతం మందికి తిరిగి వచ్చినట్టు లెక్కలున్నాయి. మత్తు అక్కర్లేదు, గర్భిణులకూ చేయవచ్చు. ద్రవ నైట్రోజన్ డబ్బాలో నిలవ ఉంచినా రోజురోజుకూ ఆవిరైపోతుంది, క్రమం తప్పకుండా తెప్పించుకోవాలి. పశువుల ఆసుపత్రుల్లో కృత్రిమ గర్భధారణకు వీర్యాన్ని దాచేది కూడా ఇందులోనే. ఆ సరఫరా లేని చిన్న క్లినిక్‌లు కాటరీ వైపే మొగ్గుతాయి. రోగికి ఏది దొరుకుతుందన్నది ఇలాంటి విషయాల మీద కూడా ఆధారపడుతుంది.

ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్, డాక్టర్లు టీసీఏ అంటారు, 80 నుంచి 90 శాతం గాఢతలో వాడతారు. పుల్లకు చుట్టిన దూదితో పులిపిరి మీద మాత్రమే తాకిస్తే క్షణాల్లో తెల్లటి పొర కడుతుంది. అది ఆరేదాకా రోగి కదలకుండా ఉండాలి. ద్రావకం నీళ్లలా జారుతుంది కాబట్టి పక్క చర్మానికి పాకితే పుండు పడుతుంది. ఎక్కువైతే వెంటనే సబ్బుతోనో, తినే సోడాతోనో దాన్ని విరిచేస్తారు. వారానికోసారి చొప్పున వేస్తే 56 నుంచి 81 శాతం మందికి పనిచేసింది, సుమారు మూడో వంతు మందికి తిరిగి వచ్చాయి. చౌక, గర్భిణులకు వాడదగినది. మెత్తగా, తడిగా ఉన్నచోటి చిన్న పులిపిర్లకు బాగా సరిపోతుంది. మొద్దుబారిన పాత పులిపిర్లకు అంతగా కాదు.

పోడోఫిలిన్ రెసిన్ మన ప్రభుత్వ ఆసుపత్రులకు పాత చుట్టం. హిమాలయాల్లో పెరిగే ఒక మొక్క వేళ్ల నుంచి తీసిన ముదురు రంగు ద్రావకమిది. ఒక్కో తయారీలో మందు బలం ఒక్కోలా ఉండడం, ఎక్కువ మేర పూస్తే ఒంట్లోకి ఇంకి నరాలనూ ఎముక మజ్జనూ దెబ్బతీయడం దీని చిక్కులు. పూశాక కొన్ని గంటల్లో కడిగేయాలి, ఇంటికి ఇచ్చి పంపకూడదు, గర్భిణులకు అసలే వాడకూడదు. శుద్ధి చేసిన రూపం దొరుకుతున్నచోట దీన్ని పక్కన పెట్టడమే మంచిది.

## ఇంట్లో రాసుకునేవి

ఆ శుద్ధి చేసిన రూపమే పోడోఫిలోటాక్సిన్, 0.5 శాతం ద్రావణం. కణ విభజనను ఆపడం దీని పని. రోజుకు రెండుసార్లు మూడు రోజులు రాయాలి, నాలుగు రోజులు ఆపాలి. ఈ ఏడు రోజుల క్రమాన్ని నాలుగు విడతల దాకా సాగించవచ్చు. 45 నుంచి 83 శాతం మందికి పనిచేసింది. తిరిగి వచ్చినవారి శాతం ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉంది, కొన్నిటిలో చాలా ఎక్కువ. రోజుకు అర మిల్లీలీటర్ దాటకూడదు.

ఇమిక్విమోడ్ దారి వేరు. ఇది వైరస్‌నూ చంపదు, కణాన్నీ కాల్చదు. చర్మంలోని రక్షణ కణాల మీద ఉండే టీఎల్ఆర్-7 అనే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. దాంతో అక్కడ ఇంటర్‌ఫెరాన్ లాంటి పదార్థాలు విడుదలై, ఇన్నాళ్లూ గుర్తుపట్టని వైరస్ మీదికి శరీరమే కదులుతుంది. తిరిగి రావడం తక్కువగా ఉండటానికి కారణం ఇదేనని భావిస్తారు. 1998లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 5 శాతం క్రీము వాడినవారిలో సగం మందికి పులిపిర్లు పూర్తిగా పోయాయి, మందులేని క్రీము వాడినవారిలో 11 శాతానికే పోయాయి. నయమైనవారిలో 13 శాతం మందికి తిరిగి వచ్చాయి. అదే అధ్యయనంలో స్త్రీ పురుషుల తేడా కళ్లకు కట్టినట్టుంది: మహిళల్లో 72 శాతం, పురుషుల్లో 33 శాతం. తడిగా, పలచగా ఉండే చర్మంలోకి మందు బాగా ఇంకుతుంది, గరుకుబారిన పొడి చర్మంలోకి ఇంకదు. సున్తీ లేని పురుషుల్లో ముందు చర్మం కింద ఉన్న పులిపిర్లకు ఫలితం మహిళల్లోలాగే మెరుగ్గా వస్తుంది. 'నా భార్యకు పనిచేసిన క్రీము నాకెందుకు పనిచేయలేదు' అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

వాడే తీరు ఫలితాన్ని మార్చేస్తుంది. ఒక్కో సాచెట్‌లో పావు గ్రాము క్రీము ఉంటుంది. వారానికి మూడు రాత్రులు, రోజు విడిచి రోజు, పడుకునే ముందు పలచగా రాసి అది చర్మంలో కలిసిపోయేదాకా రుద్దాలి. 6 నుంచి 10 గంటల తర్వాత సబ్బుతో కడగాలి. ఇలా 16 వారాల దాకా పట్టవచ్చు. రెండో మూడో వారానికి ఎర్రబడి, మంటపుట్టి, పొక్కులు లేస్తే మందు వికటించిందని చాలామంది ఆపేస్తారు. ఆ ఎరుపు కొంతవరకు మందు పనిచేస్తోందనడానికి గుర్తే. భరించలేనంతగా ఉంటే డాక్టర్‌కు చెప్పి కొన్ని రోజులు విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈ క్రీము కండోమ్ రబ్బరును బలహీనపరుస్తుంది, కాబట్టి క్రీము ఒంటి మీద ఉండగా లైంగిక కలయిక వద్దు. ఇంకో విషయం, దీన్ని 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటే విజయవాడలో బీరువా బట్టల కింద దాచిన సాచెట్లు ఆ హద్దులో ఉండవు. ఎవరైనా చూస్తారన్న భయంతో ఫ్రిజ్‌లో పెట్టడానికి జంకేవారికి, మూతపెట్టిన చిన్న డబ్బాలో కింది అరలో ఉంచితే సరిపోతుందని మందు ఇచ్చేటప్పుడే చెప్పాలి.

గ్రీన్ టీ ఆకుల సారంతో చేసిన సినెకాటెకిన్స్ లేపనాన్ని అమెరికా 2006లో అనుమతించింది. రోజుకు మూడుసార్లు రాయాలి. సగం మందికి కొద్దిగా మించి పనిచేసింది, తిరిగి రావడం పదో వంతు లోపే. ఇది కొలత ప్రకారం శుద్ధి చేసిన మందు. గ్రీన్ టీ కాచి కడుక్కుంటే ఆ ఫలితం రాదు.

ఇమిక్విమోడ్, పోడోఫిలోటాక్సిన్‌లను నేరుగా పోల్చిన పెద్ద ప్రయోగాల్లో బ్రిటన్‌లో జరిగిన హిప్‌వ్యాక్ ఒకటి. 2020లో వెలువడిన ఈ ప్రయోగంలో 503 మంది పాల్గొన్నారు. 16 వారాలకల్లా పులిపిర్లు పోయి, 48 వారాల దాకా తిరిగి రాకుండా ఉన్నవారినే విజయంగా లెక్కించారు. రెండు అంకెలనూ కలిపి కొలవడం ఇదీ. ఆ కొలతతో చూస్తే రెండు మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పోడోఫిలోటాక్సిన్‌తో కొంత త్వరగా పోయాయి, అంతే. కాబట్టి ఆ రెండింటిలో ఏది దొరికితే, ఏది క్రమం తప్పకుండా రాయగలిగితే అదే మంచిదనడానికి ఇది బలమైన ఆధారం.

పులిపిరి లోపలికి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా, బీసీజీ (క్షయ టీకా) సంబంధిత పదార్థాలు, విటమిన్ డి3 లాంటివి ఎక్కించే పద్ధతి మన దేశంలో చాలా క్లినిక్‌లలో నడుస్తోంది. ఒకదాంట్లో ఎక్కిస్తే దూరంగా ఉన్నవి కూడా రాలిపోవడం కొందరిలో కనిపించింది. ఆశ కలిగించే విషయమే. అయితే ఎక్కువ అధ్యయనాలు చిన్నవి, చేతులు కాళ్ల మీది పులిపిర్ల మీద చేసినవి. మామూలు చికిత్సలు విఫలమయ్యాక ఆలోచించదగిన మార్గంగా దీన్ని చూడవచ్చు. మొదటి రోజే దీన్ని సూచిస్తే ఎందుకని అడగాలి.

## గర్భిణులు, హెచ్ఐవీ ఉన్నవారు

గర్భం సమయంలో పులిపిర్లు తొందరగా పెరుగుతాయి, సులువుగా చిట్లుతాయి. ఇమిక్విమోడ్, పోడోఫిలోటాక్సిన్, పోడోఫిలిన్, సినెకాటెకిన్స్ ఏవీ అప్పుడు వాడకూడదు. టీసీఏ, క్రయోథెరపీ, కోయడం చేయవచ్చు. ప్రసవం తర్వాత చాలావరకు అవే తగ్గుతాయి కాబట్టి ఆగడం కూడా ఒక ఎంపికే. పులిపిర్లున్నాయని సిజేరియన్ చేయనక్కర్లేదు. అవి బిడ్డ బయటకు వచ్చే దారిని మూసేంతగా పెరిగినా, చిట్లి బాగా రక్తం పోయే ప్రమాదమున్నా అప్పుడు ఆలోచిస్తారు. బిడ్డ గొంతులో పులిపిర్లు రావడం చాలా అరుదు, సిజేరియన్ దాన్ని తప్పక ఆపుతుందని రుజువు లేదు.

హెచ్ఐవీ ఉన్నవారిలో అవే చికిత్సలు వాడతారు, ఫలితం నెమ్మదిగా వస్తుంది, తిరిగి రావడం ఎక్కువ. హెచ్ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మానకుండా వాడటం ఇక్కడ పులిపిర్ల చికిత్సలో భాగమే.

## విజయవాడ, గుంటూరుల్లో ఎంపిక ఎక్కడ తప్పుతోంది

సుఖవ్యాధుల కోసం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపించే సురక్ష క్లినిక్‌లలో మందులు రంగుల కిట్లుగా ఉంటాయి. స్రావానికి బూడిద రంగు, పుండ్లకు తెలుపు, హెర్పిస్‌కు ఎరుపు, ఇలా ఏడు రంగులు. లక్షణాన్ని చూసి కిట్ చేతికిచ్చే ఈ పద్ధతి ఎంతోమందికి మేలు చేసింది. పులిపిర్లకు మాత్రం కిట్ లేదు, ఉండటం కుదరదు కూడా. దీనికి చేయి తిరిగిన డాక్టర్, పరికరం, మూడు నాలుగు సార్లు వచ్చిపోయే ఓపిక కావాలి. అందుకే గుంటూరు మెడికల్ కాలేజీకి, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల చర్మ, సుఖవ్యాధుల విభాగాల్లో చూపించుకోవడమే సరైన దారి. తెనాలి నుంచో, నందిగామ నుంచో బస్సెక్కి, ఇంట్లో ఏదో సాకు చెప్పి వచ్చే మనిషికి వారం వారం రమ్మనే చికిత్స కాగితం మీద ఎంత బాగున్నా సగంలో ఆగిపోతుంది. అలాంటివారికి ఒక్కసారి కాటరీ, ఆ తర్వాత ఇంట్లో రాసుకునే క్రీము మేలు.

బస్టాండ్ గోడల మీద 'గుప్త రోగాలు' అంటూ కనిపించే పోస్టర్ల వెంట వెళ్లి డబ్బూ ఆరోగ్యమూ పోగొట్టుకునేవారి బాధ వేరు. సిగ్గు వాళ్లను అక్కడికి నడిపిస్తోంది. సున్నం, చాకలి సోడా కలిపి అంటించడం, నల్లజీడి రసం పూయడం, వెంట్రుకతో బిగించి కట్టడం చేతి మీది పులిపిర్లకు ఊళ్లలో చేసే పనులు. మర్మావయవాల పలచటి చర్మం మీద అవి లోతైన పుండ్లు చేస్తాయి, చీము పట్టిస్తాయి. మెడికల్ షాపులో దురద కోసం అడిగితే ఇచ్చే మిశ్రమ క్రీముల్లో గాఢమైన స్టెరాయిడ్ ఉంటుంది. అది ఆ చోటి రోగనిరోధక శక్తిని అణచి పులిపిర్లు పాకడానికి వీలు కల్పిస్తుంది. ఇమిక్విమోడ్ చేసేదానికి ఇది నేరుగా వ్యతిరేకం.

చికిత్స నడుస్తున్నన్నాళ్లూ అక్కడ రేజర్ వాడకపోవడం మంచిది, గాట్ల వెంట వైరస్ కొత్త చోట్లకు అంటుకుంటుంది. ఒక చికిత్సను పూర్తిగా వాడాక కూడా మార్పు లేకపోతే అదే సాగదీయకుండా పద్ధతి మార్చాలి. తిరిగి వచ్చేవి ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తాయి కాబట్టి ఆ లోపు ఒకసారి చూపించుకోవాలి.

## దంపతుల మధ్య అనుమానం

'ఎవరి నుంచి వచ్చింది?' అన్న ప్రశ్న ఇళ్లను విడగొడుతోంది. వైరస్ సోకడానికీ, పులిపిరి లేవడానికీ మధ్య నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడవవచ్చు. పెళ్లికి ముందు ఇద్దరిలో ఎవరికో సోకినది ఇప్పుడు బయటపడి ఉండవచ్చు. ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో తేల్చే పరీక్ష లేదు. కాబట్టి కొత్తగా పులిపిరి కనిపించడాన్ని ఇటీవలి మోసానికి సాక్ష్యంగా ఎవరూ చూపలేరు. డాక్టర్ ఈ మాట ఇద్దరినీ కూర్చోబెట్టి చెబితే క్రీములు చేయలేని మేలు జరుగుతుంది. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, అది కప్పని చర్మం నుంచి మాత్రం అంటవచ్చు. పేరు చెప్పకుండా సలహా కావాలంటే జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 1097 ఉంది.

## టీకా ఎక్కడ సరిపోతుంది

టీకా ఉన్న పులిపిర్లను పోగొట్టదు. హిప్‌వ్యాక్ ప్రయోగం చికిత్సతో పాటు టీకా ఇచ్చి కూడా చూసింది. కొంత మేలు ఉండొచ్చన్న సూచన వచ్చింది కానీ, కచ్చితంగా తేలలేదు. రాకుండా ఆపడంలో మాత్రం దాని బలం తిరుగులేనిది. ఆస్ట్రేలియా 2007లో బాలికలకు నాలుగు హెచ్‌పీవీ రకాల మీద పనిచేసే టీకా మొదలుపెట్టింది. అక్కడి లైంగిక ఆరోగ్య క్లినిక్‌లకు మొదటిసారి వచ్చిన 21 ఏళ్లలోపు యువతుల్లో పులిపిర్లున్నవారు ఆ ఏడాది 11.5 శాతం, 2011 నాటికి 0.85 శాతం. టీకా వేయించుకోని ఆ వయసు యువకుల్లో కూడా 12.1 నుంచి 2.2 శాతానికి పడిపోయింది. ఏ క్రీమూ, ఏ లేజరూ ఈ స్థాయి మార్పు తేలేదు.

తెలుగు నేల మీద ఈ టీకాకు చేదు చరిత్ర ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో బాలికలకు ప్రయోగాత్మకంగా వేశారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లే అనుమతి పత్రాల మీద సంతకాలు చేయడం లాంటి తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. ఆ భయం ఇప్పటికీ పోలేదు. దాన్ని అజ్ఞానమని కొట్టిపారేయకుండా, తల్లిదండ్రులకు విషయం పూర్తిగా చెప్పి అడగడమే ఆ నష్టాన్ని పూడ్చే దారి.

సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారీ సెర్వావ్యాక్‌కు 2022 జులైలో మన దేశంలో అనుమతి వచ్చింది. ఇది 6, 11, 16, 18 నాలుగు రకాల మీదా పనిచేస్తుంది. 9 నుంచి 14 ఏళ్ల వయసులో అయితే రెండు డోసులు చాలు. కేవలం 16, 18 రకాలకే తయారైన టీకాలు కూడా ఉన్నాయి. అవి క్యాన్సర్ నుంచి కాపాడతాయి కానీ పులిపిర్లను ఆపవు. పిల్లలకు వేయించేటప్పుడు ఆ టీకా పనిచేసే రకాల్లో 6, 11 ఉన్నాయో లేదో డాక్టర్‌ను అడిగితే వెంటనే తెలిసిపోతుంది.